వెనక బెంచీలో డిస్లెక్సియా: అనంతపురం తల్లిదండ్రులకు, టీచర్లకు

దళితవాడ నుంచి వచ్చే పిల్ల మూడో తరగతిలోనూ గుణింతాలు చదవలేకపోతే చాలా బడుల్లో కారణం వెతకరు. ‘వాళ్లింట్లో చదువు లేదు కదా’ అని తేల్చేస్తారు. కలిగినింటి పిల్లాడైతే డాక్టరుకు చూపించమంటారు. డిస్లెక్సియా కులం చూసి రాదు. దాన్ని గుర్తించే దగ్గరే కులమూ డబ్బూ అడ్డొస్తాయి.

మాటలోని శబ్దాలను విడదీసి అక్షరాలతో జతచేయడంలో మెదడుకు కలిగే ఇబ్బందే డిస్లెక్సియా. దానికీ తెలివికీ సంబంధం లేదు. కథ చెబితే ఇట్టే పట్టేసే పిల్ల, అదే కథ చదవమంటే కూడబలుక్కుంటుంది. తెలుగులో దాదాపు రాసినట్టే పలుకుతాం కనక తప్పుల కన్నా నత్తనడకే ఎక్కువగా కనిపిస్తుంది.

అయితే చదవలేని ప్రతి పిల్లకూ డిస్లెక్సియా ఉన్నట్టు కాదు. ముందు కన్ను, చెవి పరీక్ష చేయించాలి. వేరుశనగ ఎండిన ఏట అమ్మానాన్నలతో బెంగళూరుకు వలసపోయిన పిల్ల నెలలకొద్దీ బడికి దూరమవుతుంది. మడకశిర, రాయదుర్గం వైపు కొందరి ఇంటి భాష కన్నడం. పుస్తకంలో ‘వచ్చాడు’ అని ఉంటే ‘వచ్చినాడు’ అని చదివే పిల్ల తప్పు చదవలేదు, అర్థం చేసుకుని తన యాసలో చెప్పింది. దాన్నీ తప్పుల్లో కలిపే టీచర్లున్నారు! రోజూ బడికొస్తూ, ఓపిగ్గా నేర్పినా నెలల తరబడి ముందుకు కదలకపోతే అప్పుడు డిస్లెక్సియాను అనుమానించాలి.

నేర్పడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. మొదట నోటి ఆట: ‘పలక’లో ‘ప’ తీసేస్తే ఏం మిగులుతుంది? తర్వాత పళ్లెంలో ఇసుక పోసి, శబ్దాన్ని పైకి పలుకుతూ వేలితో అక్షరం రాయించాలి. ప–వ, మ–య లాంటి జంటలను ఒకేరోజు నేర్పకూడదు. ఒకటి గట్టిపడ్డాకే రెండోది. ఒత్తుల దగ్గర మరీ జాగ్రత్త. వాచకాల్లో ముందే కనిపించే ‘అమ్మ’ ఈ పిల్లలకు తేలిక కాదు, ఎందుకంటే మ ఒత్తు మ లాగా ఉండదు. త, న, ల, య ఒత్తులూ అంతే. అక్షరాన్ని పోలిన ఒత్తులున్న ముగ్గు, గుడ్డు లాంటి మాటలతో మొదలుపెట్టడం నయం. రోజూ ఇరవై నిమిషాలు చాలు, కానీ మానకూడదు. తరగతి ముందు నిలబెట్టి గట్టిగా చదివించడం మాత్రం వద్దు.

చట్టం ఈ పిల్లల పక్షాన ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి, డిస్లెక్సియా అందులోకి వస్తుంది. దాన్ని వీలైనంత త్వరగా గుర్తించే బాధ్యతను 16వ సెక్షన్ బడి మీదే పెట్టింది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాషల మినహాయింపు 17వ సెక్షన్‌లో ఉన్నాయి. విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. రోజూ ‘మొద్దు’ అని పిలవడం వేధింపు కాక మరేమిటి? ఎస్సీ, ఎస్టీ కానివాళ్లు నలుగురిలో కులం పేరుతో తిడితే అట్రాసిటీ చట్టం కింద నేరం.

పరీక్ష చేయించమని హెడ్మాస్టరుకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. మండలంలోని భవిత కేంద్రంలో సహిత విద్య టీచర్లను కలవండి. నిర్ధారణ పరీక్ష క్లినికల్ సైకాలజిస్టు చేయాలి. వలసపోవాల్సి వస్తే ఆ కాగితాల నకళ్లు వెంట తీసుకెళ్లండి, అక్కడి బడిలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే పని ఉండదు.