రెండు త్రోవలు

1837వ సంవత్సరమున ఇంగ్లండునందు, అధికభారముచే బండి విరుగగా తొడయెముక విరిగిన కసాయి సేవకుడొకడు యజమానిపై వ్యాజ్యమాడి యోడిపోయెను. తోడిపనివాని యజాగ్రత్తకు యజమాని బాధ్యుడు కాడను వాదమున కిదియే మూలము.

మన దేశమున 1923వ సంవత్సరపు కార్మిక నష్టపరిహార చట్టము వేఱొక త్రోవ చూపెను. యజమాని తప్పును నిరూపింపకయే గాయపడినవాడు కమీషనరు నొద్ద నిర్ణీతమైన పరిహారము పొందగలిగెడివాడు. సివిలు కోర్టున కేగినచో నష్టమంతయు కోరవచ్చును గాని, తప్పును నిరూపింపవలెను. పైగా తోడిపనివాని సాకును తొలగించు చట్టము 1938వఱకు రాలేదు.

ఒక త్రోవ త్రొక్కినవానికి రెండవది మూసికొనిపోయెడిది. పరిహారమునకై యజమానితో ఒడంబడిక చేసికొన్నను దావా హక్కు నశించెడిది. చదువెఱుగని వ్రేలిముద్రకు ఎన్నిక యెక్కడిది? హక్కు నిచ్చుటతో సంస్కారము ముగియదు. దానిని పనివానికి తెలియజెప్పినప్పుడే యది సఫలమగునని మేము తలంచుచున్నాము.