రెసిడెన్సీ బజారు: స్తంభములు, సరిహద్దు

హైదరాబాదున మూసీనది ఉత్తరపుటొడ్డున నున్న కోఠిని గూర్చి వ్రాయువారు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన భవనముతో ఆరంభించి, ఖైరున్నిసాతో అతని వివాహకథ చెప్పి ముగించుట పరిపాటి. భవనము గొప్పదే. మద్రాసు ఇంజనీర్ల దళమునకు చెందిన శామ్యూల్ రస్సెల్ దానికి రూపకల్పన చేసెను. 1803 ప్రాంతమున పని మొదలయ్యెను. 1805లో కిర్క్‌పాట్రిక్ మరణించునాటికి ముగియలేదు. ముఖమండపమున ఆరు కొరింథియన్ స్తంభములు, మెట్ల కిరువైపుల రెండు సింహములు, లోపల దర్బారు మందిరము కలవు.

కాని ఈ పేటను పెంచినది స్తంభములు కావు, సరిహద్దు. రెసిడెన్సీని చుట్టుకొనియున్న బజారులపై అధికారము బ్రిటిషు రెసిడెంటుది. ఆ యెల్ల దాటినచో నిజాముది. సొమ్ము దాచువారికిని, అప్పిచ్చువారికిని ఈ భేదము స్వల్పమైనది కాదు. అందుచేతనే సాహుకార్లు ఇచట చేరిరి. క్రింద అంగడి, మీద కాపురముగా మేడలు లేచినవి. ‘కోఠీ’ యను హిందూస్తానీ పదమునకు పెద్ద మేడ యనియు, వడ్డీవ్యాపారి కొట్టు అనియు రెండర్థములు. ఈ పేటకు రెండును చెల్లును.

ఆ రక్షణయే ఒకనాడు ఎదురుతిరిగినది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ల నాయకత్వమున రెసిడెన్సీని ముట్టడించినవారు, దాని గోడ కెదురుగా నున్న సాహుకార్ల యిండ్లలోనే చేరి కాల్పులు జరిపిరి. దాడి విఫలమయ్యెను, అలావుద్దీన్ అండమాను పాలయ్యెను.

మనకు ముఖ్యమైనది 1901 సెప్టెంబరు 1. ఆనాడు రావిచెట్టు రంగారావు ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు దానికి తోడ్పడిరి. ఉర్దూ రాజభాషగా నున్న రాజ్యమున తెలుగు గ్రంథాలయమునకు ఈ పేటయే పుట్టినిల్లగుట యాదృచ్ఛికమని నేను తలపను. వడ్డీవ్యాపారికి నీడనిచ్చిన యెల్లయే మన భాషకును నీడ యయ్యెను. ఈ మాట కొందరికి రుచింపకపోవచ్చును.

1933లో బజారులు నిజామునకు తిరిగి దక్కి, సుల్తాన్ బజారను పేరు పొందినవి. 1949లో భవనమునకు మహిళా కళాశాల తరలివచ్చెను. అది 2022లో విశ్వవిద్యాలయమైనది. బజారు మేడలకు ఇట్టి అదృష్టము పట్టలేదు. వర్తకులు చిరకాలము ప్రతిఘటించినను, 2020లో మెట్రోరైలు వారి వీథిమీదుగానే నడచినది. మిగిలిన యిండ్ల కొలతలను, వాని దస్తావేజులను, భాషానిలయపు పాత చిట్టాలను ఒక్కచోట చేర్చి చూచు పరిశోధకుడు వెంటనే పూనుకొనవలసియున్నది.