కొత్త జంట ప్రయాణం, ఎవరి ఖర్చు?

పెళ్లైన కొత్తలో భార్యాభర్తలు ఇల్లు విడిచి నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లి రావడం మనకు ఈమధ్య అంటుకున్న అలవాటనీ, డబ్బున్న ఇళ్లలో మొదలై మెల్లగా కింది తరగతులకు దిగిందనీ చాలామంది నమ్ముతారు. విశాఖపట్నం వన్ టౌన్ చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే ఆ నమ్మకం నిలవదు. కురుపాం మార్కెట్‌లో పుస్తెలు, మట్టెలు కొనుక్కుని, బురుజుపేట కనకమహాలక్ష్మికి మొక్కి పెళ్లిళ్లు చేసుకునే ఈ పేటల్లో కలవారు కొద్దిమంది. రేవులో పనిచేసేవాళ్లు, చిన్న గుమాస్తాలు, కొట్లలో కుదిరినవాళ్లు, చేపల వ్యాపారం మీద బతికేవాళ్లే ఎక్కువ. వీళ్ల జేబుకు తగిన కొత్త జంట ప్రయాణం ‘హనీమూన్’ అన్న మాట ఇక్కడికి రాకముందే ఉంది. అది వీళ్లకు ఎలా అందింది అన్నదే అసలు ప్రశ్న. ఈ ఊళ్లో ఆ ప్రయాణం చవకగా ఉన్న ప్రతి కాలంలోనూ ఖర్చులో పెద్ద వాటా మరెవరో ముందే భరించి ఉన్నారని నా వాదన. ఒకప్పుడు సత్రం కట్టించిన దాత, తర్వాత పాసు ఇచ్చిన కొలువు, ఆ తర్వాత ఇనుప ఖనిజం కోసం కొండలు తొలిపించిన ప్రభుత్వం. ఆ భరించేవాళ్లు తప్పుకున్నప్పుడల్లా ప్రయాణం ఖరీదెక్కింది.

ఇది మన ఊరికి మాత్రమే చెందిన సంగతి కాదు. నేటి కొత్త జంటలు ఎక్కువగా కలలు కనే ఇటలీనే తీసుకుందాం. ద్రాక్షతోటల మధ్య రాతి ఇల్లు, సాయంత్రం పల్లె వీధిలో నడక అన్న ఆ ఊహ చాలాకాలం సంపన్న యూరోపియన్ల సొత్తు. 1864లో థామస్ కుక్ ఇంగ్లండ్ నుంచి జనాన్ని గుంపులుగా ఇటలీకి తీసుకువెళ్లడం మొదలుపెట్టాక మధ్యతరగతికి కొంత అందింది. ఇటలీలోని సామాన్యులకు మాత్రం 1930ల్లో గానీ దారి తెరుచుకోలేదు. అప్పుడు ముస్సోలినీ ప్రభుత్వం రోమ్ వెళ్లే కొత్త దంపతులకు రైలు ఛార్జీల్లో భారీ రాయితీ ఇచ్చింది. జనాభా పెంచాలన్న పట్టుదల, తన పాలన ఘనతను రాజధానిలో చూపించాలన్న కోరిక ఆ రాయితీ వెనక ఉన్నాయి. పాలకుడి ఉద్దేశం ఏదైనా, ఏ దర్జీయో ఏ బడి పంతులో భార్యతో కలిసి రైలెక్కగలిగారు. చవక ప్రయాణాల చరిత్రలో ఇలాంటిది మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఖర్చు భరించేవాడి లక్ష్యం ఒకటి, బండెక్కిన జంట ఆనందం మరొకటి.

వన్ టౌన్ జంటకు మొదటి దారి అన్నవరం. రత్నగిరి మీద సత్యనారాయణ స్వామి ఆలయం 1891లో వెలిసింది. బెజవాడ నుంచి కటక్ వైపు ఈస్ట్ కోస్ట్ రైలు మార్గం 1893–96 మధ్య పడింది. ఈ రెండు తేదీలు ఇంత దగ్గరగా పడటం వల్లే అన్నవరం కొత్త దంపతుల క్షేత్రమైందని నా అభిప్రాయం. విశాఖకు సింహాచలం ఇంకా దగ్గర, దాని వయసు శతాబ్దాల లెక్క. అయినా పెళ్లైన జంట పీటల మీద కూర్చుని వ్రతం చేసుకోవడానికి కొండ ఎక్కే ఆనవాయితీ అన్నవరానికే అంత గట్టిగా కుదిరింది. పొద్దున్న బండెక్కితే వ్రతం పూర్తిచేసుకుని, అడ్డాకులో కట్టిన గోధుమరవ్వ ప్రసాదం పట్టుకుని, ఆ రాత్రికో మర్నాటికో ఇంటికి చేరవచ్చు. ఇల్లు కదిలి, సముద్రాన్ని ఒక పక్కన వదిలి, పొలాల మీదుగా పోయి, కొండ మీద నుంచి పంపా నదిని చూసి రావడం. పల్లె సీమలో విహారం అంటే ఇంతకన్నా వేరే ఏముంది?

వ్రతకథలో కూడా ఒక విశేషం ఉంది, రేవు ఊళ్లో ఉన్నవాళ్లకు అది మరింత బాగా తెలియాలి. కథలో సాధువు అనే వైశ్యుడు అల్లుడితో కలిసి ఓడల మీద వ్యాపారానికి పోతాడు. అతని కూతురు కళావతి, భర్త ఓడ వచ్చిందన్న సంతోషంలో ప్రసాదం తినకుండానే రేవుకు పరిగెత్తుతుంది. ఓడ మునుగుతుంది, భర్త కనిపించడు. ఆమె వెనక్కి వెళ్లి ప్రసాదం తిని వచ్చాకే అతను దక్కుతాడు. ఈ కథ నడుమ ఉన్నది దూరదేశం పోయిన మగడి కోసం భార్య పడే ఆరాటం. కొంగులు ముడేసుకుని పీటల మీద కూర్చున్న ఇద్దరికి పురోహితుడు చదివి వినిపించేది ఎడబాటు, కలయికల కథ. దాన్ని ఉత్త మొక్కుబడిగా తీసిపారేయలేం.

దారి ఖర్చు రైలు తగ్గించింది, బస ఖర్చు సత్రం తీర్చింది. పూర్ణా మార్కెట్ దగ్గర కలెక్టర్ టర్నర్ పేరిట వెలిసిన సత్రం పందొమ్మిదో శతాబ్దం చివరినాటిది. ఊరికి వచ్చే బాటసారికి, యాత్రికుడికి తలదాచుకునే చోటు చూపడం దాని పని. ఇలాంటి సత్రాలు, క్షేత్రాల్లో కులాలవారీగా పుట్టిన ఇతర సత్రాలు మన దేశంలో చవక ప్రయాణానికి పునాది. జమీందార్లు పుణ్యం కోసమో పేరు కోసమో డబ్బిచ్చారు, ఆ నీడన సామాన్యులు పడుకున్నారు. ఇందులో ఒక అన్యాయం ఉందని ఒప్పుకోవాలి. సత్రం తలుపు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు, కులం అడిగి గది ఇచ్చిన రోజులు చాలాకాలం నడిచాయి. దాత డబ్బుతో వచ్చిన చవక, దాత పెట్టిన హద్దులతో కలిసే వచ్చింది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. పెద్దవాళ్లు వెంట ఉండగా, పురోహితుడి ముందు కూర్చుని చేసేదాన్ని ప్రణయ యాత్ర అనడం ఎలా అని. అభ్యంతరంలో బలం ఉంది. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ఆడే నాటికి పై కులాల్లో పెళ్లికూతురంటే చాలాచోట్ల పసిపిల్లే. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండాలన్న శారదా చట్టం 1929లో గానీ రాలేదు, వచ్చాక కూడా ఊళ్లు దాన్ని వెంటనే మన్నించలేదు. పెళ్లికీ కాపురానికీ నడుమ ఏళ్లు గడిచే చోట, పెళ్లైన వారానికి జంట విహారం అన్న మాటకు అర్థమే లేదు. కాబట్టి పాత వ్రతయాత్రలన్నిటినీ ప్రేమయాత్రలుగా చిత్రించడం తప్పు. అయితే ఇద్దరే వెళ్తేనే విహారం అన్న కొలత ఇంగ్లండ్‌కు కూడా తర్వాత వచ్చిందే. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అక్కడి కొత్త దంపతులు పెళ్లికి రాలేకపోయిన చుట్టాల ఇళ్లకు తిరిగేవాళ్లు, తోబుట్టువులో స్నేహితులో వెంట ఉండేవాళ్లు. మన మనుగుడుపులు, పదహారు రోజుల పండగ, మూడు నిద్రలు, మొదటి సంక్రాంతికి అల్లుడిని పిలవడం కూడా అదే కోవలోవి. రేవులో పనిచేసే కుర్రాడు తొలి పండక్కి అత్తవారి పల్లెకు వెళ్తే వారం రోజులు బస, భోజనం, కొత్త బట్టలు అన్నీ మామగారివే. ఆ లెక్కలో మామగారి అప్పు కూడా ఉందని మరిచిపోకూడదు. ఆషాఢంలో జంటను విడదీసిన ఆచారమే మిగతా నెలల్లో వాళ్లను కలిపి ఊళ్లు తిప్పింది. ఇద్దరూ కలిసి ప్రయాణించే అనుమతి ముందు దొరికింది, ఇద్దరే ప్రయాణించే అనుమతి తర్వాత దొరికింది. రెండోది మొదటిదాని మీద నిలబడి వచ్చింది.

ఈలోగా ఊరి అవతలి భాగం ఇతరుల విహారస్థలంగా పేరు తెచ్చుకుంది. తెల్లదొరలు వాల్తేరు మెట్టమీద బంగళాలు కట్టుకున్నారు. రైలు పడ్డాక కలకత్తా బెంగాలీలు గాలి మార్పుకని వాల్తేరు రావడం మొదలైంది. వన్ టౌన్ జంటకు ఆ సముద్రం పైసా ఖర్చు లేకుండా దొరికేదే. 1978లో ‘మరో చరిత్ర’ ఈ తీరాన్ని ప్రేమికుల తీరంగా తెలుగు దేశమంతటికీ చూపించింది. కానీ రోజూ చూసే సముద్రం ఊరు మారిన అనుభూతిని ఇవ్వదు. ఈ ఊరివాళ్లకు విహారం అంటే కొండల వైపు పోవడమే.

ఆ కోరిక తీరడానికి ఇద్దరు కొత్త దాతలు దొరికారు, ఇద్దరూ ప్రభుత్వమే. 1933లో రేవు తెరుచుకున్నాక, ఆ తర్వాత ఓడల కర్మాగారం, వాల్తేరు రైల్వే డివిజన్, చివరికి ఉక్కు కర్మాగారం ఈ ఊరికి నెలజీతాల కుటుంబాలను ఇచ్చాయి. కేంద్ర ఉద్యోగులకు 1956 నుంచి సెలవు ప్రయాణ రాయితీ ఉంది, రైల్వే వాళ్లకు పాసులు ఉన్నాయి. పెళ్లైన వెంటనే భార్య పేరు పాసులో చేర్పించడం ఒక రకంగా ఆ ఇళ్లలో మొదటి ప్రయాణానికి ముహూర్తం. అయితే కాంట్రాక్టు కూలీకి పాసు లేదు, కొట్టు గుమాస్తాకు సెలవే లేదు. వాళ్లకు దారి చూపింది రెండోది, అదే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం.

ఆ మార్గం ఎవరి విహారం కోసమూ వేయలేదు. బైలాడిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేరి జపాన్ ఉక్కు కర్మాగారాలకు వెళ్లాలి, అందుకు జపాన్ సహకారం కూడా అందింది. 1960వ దశకంలో తూర్పు కనుమలను తొలిచి 58 సొరంగాలు, లోయల మీద ఎన్నో వంతెనలు కట్టారు. శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. ఖనిజం బళ్ల నడుమ నడిచిన ఒక్క పాసింజరు వల్ల బొర్రా గుహలు, అరకు లోయ వన్ టౌన్‌కు పొరుగూళ్లయ్యాయి. ఆ బండి వేళలే ఈ కథలో కీలకం అంటాను. పొద్దున్న ఏడు గంటల ప్రాంతంలో కదిలి మధ్యాహ్నం కాకముందే అరకు చేరుస్తుంది. కిరండూల్ నుంచి తిరిగొచ్చే బండి సాయంత్రం అరకులో ఎక్కించుకుని రాత్రికి విశాఖలో దింపుతుంది. అంటే గది అద్దె అక్కర్లేదు. పులిహోర క్యారియర్, రెండు పాసింజరు టిక్కెట్లు ఉంటే చాలు, ఒక్క పగటిలో కొండలు, సొరంగాలు, వలిసె పూల పచ్చదనం చూసి రావచ్చు. సత్రం తీర్చిన బస ఖర్చును టైంటేబుల్ తీర్చింది. ఈ ఊరి పేద జంటకు ప్రణయ విహారం అంటే అరకే అని ఎందుకు స్థిరపడిందంటే, అందం తర్వాత నేను చెప్పే రెండో కారణం ఈ వేళలే.

ఖనిజం దారిని ఇంతగా మెచ్చుకుంటే అది చేసిన చేటును దాచినట్టవుతుందని ఎవరైనా అంటే, ఆ మాట న్యాయమే. దాచకూడదు. అదే ఖనిజం రేవులో దిగి, గుట్టలుగా పడి, దాని ధూళి వన్ టౌన్ ఇళ్ల మీద, ఆరేసిన బట్టల మీద, పిల్లల ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ఖనిజం, బొగ్గు దుమ్ము మీద ఈ పేటల గోడు దశాబ్దాలుగా వినిపిస్తూనే ఉంది. ఖర్చు మరెవరో భరించారన్నాను గానీ, కొంత ఖర్చు ఈ పేటవాళ్లే మరో రూపంలో కట్టారు. కాబట్టి అరకు పాసింజరు టిక్కెట్టు వాళ్లకు ఎవరో చేసిన దానం కాదు, న్యాయంగా రావలసిన వాటా. 2017లో ఆ బండికి అద్దాల పెట్టె వచ్చినప్పుడు పర్యాటకం పెరుగుతుందని అందరూ సంతోషించారు. నాకూ అది మంచిదే అనిపిస్తుంది, పాసింజరులో చవక సీట్లు తగ్గనంతవరకు. ఆ పెట్టె టిక్కెట్టు ధర వేరే తరగతి జంట కోసం లెక్కగట్టింది.

ఇప్పుడు ఒక్క పగలు సరిపోవడం లేదు, జంటలు రాత్రి ఉండాలనుకుంటున్నాయి, గది ధరలు సెలవు రోజుల్లో కొండెక్కుతున్నాయి. పెద్ద హోటళ్లు విరివిగా కడితే ధర దిగుతుందన్న వాదన వినిపిస్తుంది. అరకు షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970 నాటి ఒకటవ నంబరు నిబంధన కాపలా ఉంది. బొర్రా చుట్టుపక్కల అనంతగిరి మండలం గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఆ కాపలాను మరింత గట్టిపరిచింది. హోటళ్ల కోసం దాన్ని సడలిస్తే జంటకు చవక గది దొరకవచ్చు, దాని వెల మాత్రం కొండవాసి భూమి అవుతుంది. ఇటలీ ఈ చిక్కును వేరేలా విప్పుకుంది. 1985 చట్టంతో అక్కడి రైతుకు తన ఇంట్లో అతిథిని ఉంచుకుని, ఎక్కువగా తన పొలంలో పండినవాటితో వండిపెట్టి, సొమ్ము తీసుకునే వీలు కలిగింది. వ్యవసాయం ముఖ్య వృత్తిగా నిలవాలన్నది షరతు. అనంతగిరిలో, అరకులో కాఫీ, మిరియాలు పండించే గిరిజన కుటుంబానికి ఇంటి పక్కన రెండు గదులు కట్టుకోవడానికి బ్యాంకు అప్పు, మంచినీటి కొళాయి, మరుగుదొడ్డి సమకూరితే ఒకటవ నంబరు నిబంధనను ముట్టుకోవలసిన పని లేదు. రాగి అంబలి, వేడి కాఫీ, దుప్పటి ఇచ్చే ఆ గది అద్దె రేవు కూలీ రెండు రోజుల సంపాదనకు మించకుండా ఉంచవచ్చు. ఆ సొమ్ము కొండ మీదే మిగులుతుంది.