బొబ్బిలి వీణ: చేతికి, చెవికి

విజయనగరం జిల్లా బొబ్బిలిని ఆనుకుని ఉన్న గొల్లపల్లిలో తయారయ్యే సరస్వతీ వీణను బొబ్బిలి వీణ అంటారు. కుండ, దండి, తల మూడూ ఒకే పనస దుంగలోంచి తొలవడం దీని ప్రధాన లక్షణం. అందుకే దీనికి ఏకండి వీణ అన్న పేరు. 2011-12 ప్రాంతంలో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. తయారీదారుల్లో సర్వసిద్ధి వారి పేరు తరతరాలుగా వినిపిస్తోంది.

ఉనికి, పూర్వ చరిత్ర

బొబ్బిలి సంస్థానాన్ని పాలించిన పెదరాయుడి కాలంలో, అంటే 17వ శతాబ్దంలో, ఇక్కడ వీణావాదనకు, వీణల తయారీకి ఆదరణ మొదలైందని ఎక్కువమంది రాస్తారు. దీన్ని పరంపరగా వచ్చిన మాటగా తీసుకోవాలి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ సేన, విజయనగరం బలగాలు కలిసి బొబ్బిలి కోటను నేలమట్టం చేశాయి. 1794లో ఈస్టిండియా కంపెనీ చేతిలో విజయనగరం ఓడిన పద్మనాభ యుద్ధం తరువాత గానీ సంస్థానం తిరిగి నిలదొక్కుకోలేదు. మధ్యలో అంత తెగిపోయిన ఆదరణను ఏకధారగా చూపడం కష్టం. పనితనం పాతదే కావచ్చు. కానీ నేడు మనం చూసే రూపం 19వ శతాబ్దపు జమీందారీ కొలువుల్లో, పొరుగున విజయనగరంలో వైణికుల గిరాకీ పెరిగాక స్థిరపడిందన్న వాదనే ఎక్కువ సబబుగా కనిపిస్తుంది. వీణ వెంకటరమణదాసు వంటి విద్వాంసులు, వాసా వారి వైణిక కుటుంబం, 1919లో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడిగా మొదలైన విజయనగరం సంగీత కళాశాల, ఇవన్నీ బొబ్బిలికి ఇరుగుపొరుగువే.

24 మెట్లు స్థిరంగా ఉండే వీణ మాత్రం బొబ్బిలి సృష్టి కాదు. తంజావూరు రఘునాథ నాయకుడు, గోవింద దీక్షితుల పేర్లతో ముడిపడిన 17వ శతాబ్దపు మార్పు అది. ఆ లెక్కన బొబ్బిలి పనివారు ఒక స్థిరమైన నమూనాను తీసుకుని, తమ కర్రకు, తమ ఉలికి తగినట్టు మలుచుకున్నారు.

నిర్మాణం

ఒకే దుంగ అన్న మాటను కాస్త జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. బాడిసతో, ఉలితో కుండను లోపలంతా తొలిచాక దానిపై పలక వేరుగానే కప్పుతారు. దండి కూడా డొల్లే, దానికీ మూత పడుతుంది. కుండకూ దండికీ మధ్య, దండికీ తలకూ మధ్య అతుకు ఉండకపోవడమే ఏకండి. అతుకు వీణల్లో ఈ కీళ్ల దగ్గరే ఏళ్లు గడిచేకొద్దీ సందు పడి, దండి వంగి, స్వరాలు చెదురుతాయి. ఏకండిలో ఆ బెడద తక్కువ. అయితే చెట్టు లోపల పగులో ముడో బయటపడిందంటే దుంగ మొత్తం వృథా.

తలకు యాళి ముఖం, దాని దిగువన సొరబుర్ర ఉంటాయి. ఏనుగు దంతపు నగిషీ ఒకప్పటి మాట. నిషేధం వచ్చాక ప్లాస్టిక్ రేకులతోనే పని కానిస్తున్నారు.

వాదకుడికి అసలైన విషయం మేళం కట్టడం. తేనెమైనాన్ని గుగ్గిలంతో, నల్లరంగుతో కాచి దండికి రెండు అంచుల వెంబడి గట్టుగా పోస్తారు. దాని మీద 24 కంచు లేదా ఇత్తడి మెట్లను ఒక్కొక్కటిగా చెవితో చూసుకుంటూ నిలబెడతారు. కొలబద్ద పెట్టి చేసే పని కాదిది. తీగ మందాన్ని బట్టి, తీగల్ని మోసే గుర్రం (బ్రిడ్జి) ఎత్తును బట్టి మెట్టు వెంట్రుకవాసి అటో ఇటో జరుగుతుంది. ఎండలు ముదిరితే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. వీణ ఎంత గట్టిదైనా కొన్నేళ్లకొకసారి మేళం మళ్లీ కట్టించుకోక తప్పదు.

తంతులు ఏడు. వాయించేవి నాలుగు: సారణి, పంచమం, మందరం, అనుమందరం. మిగిలిన మూడు తాళ తంతులు. సారణి మధ్య షడ్జానికి, అనుమందరం అనుమంద్ర పంచమానికి శ్రుతి అవుతాయి గనుక మూడున్నర స్థాయిల మేర చేతికి అందుతుంది. బిరడలతో పెద్ద శ్రుతి చేసుకుని, గుర్రం ఇవతల ఉన్న లంగర్లతో చివరి సవరణ చేసుకుంటారు.

వాదన స్పర్శ

కుండ నేల మీద, బుర్ర ఎడమ తొడ మీద ఆనుతాయి. వాదకుడి కుడి ముంజేయి కుండ అంచున వాలుతుంది. చూపుడు, నడిమి వేళ్లు తంతుల్ని మీటుతుంటే చిటికెనవేలు తాళ తంతుల్ని పైకి తడుతూ లయ చూపుతుంది. కొందరు గోళ్లతోనే మీటుతారు, కొందరు తీగ తొడుగులు వేసుకుంటారు. గోటి మీటు గుండ్రంగా ఉంటుంది, తొడుగు మీటు చురుగ్గా దూసుకొస్తుంది.

ఎడమచేతి సంగతి వేరు. మెట్లు మైనపు గట్టు మీద ఎత్తుగా నిలవడం వల్ల కింద వేలికి కర్ర తగలదు, ఖాళీయే ఉంటుంది. నొక్కు కాస్త పెరిగినా స్వరం హెచ్చుతుంది. మెట్టు వెంట తీగను పక్కకు లాగితే మరో స్వరం, ఇంకా లాగితే ఇంకొకటి, ఒకే మెట్టు మీద మూడు నాలుగు స్వరాల దాకా వెళ్లొచ్చు. తోడిలో గాంధారాన్ని దాని మెట్టు మీద నేరుగా నిలపడం కంటే రిషభం మెట్టు మీద నుంచి లాగి ఊపేవారు ఎందరో ఉన్నారు. అలా లాగినప్పుడు తీగ వేలికి ఎదురు తిరుగుతుంది. ఆ ఎదురుబలం ఎంతో తెలిసిన వేలికే గమకం సరిగ్గా పడుతుంది. అందుకే పక్కన చిన్న గిన్నెలో కొబ్బరినూనెలో తడిపిన దూది పెట్టుకుంటారు. వేలు జారాలి, పట్టు జారకూడదు. సాధకుల చూపుడు, నడిమి వేళ్ల కొసల మీద తీగ గాడి పడిపోయి ఉంటుంది.

ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవారికి ఈ అనుభవం పూర్తిగా కొత్తది కాదు. గిటార్‌లోనూ తీగను వంచి స్వరం పెంచుతారు. మెట్ల మధ్య కర్రను లోతుగా చెక్కిన గిటార్లూ ఉన్నాయి. ఇంగ్లండ్‌కు చెందిన గిటార్ వాదకుడు జాన్ మెక్‌లాఫ్లిన్ అమెరికాలో కర్ణాటక సంగీత విద్వాంసుడు ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకుని, తరువాత శక్తి అనే తన సంగీత బృందం కోసం అలాంటి మెట్లు, అదనపు తంతులు ఉన్న గిటార్‌ను ప్రత్యేకంగా చేయించుకున్నాడు. వీణ లోతును గిటార్‌లోకి తెచ్చుకునే ప్రయత్నంగానే దాన్ని చూడాలి.

నాదం

బొబ్బిలి వీణ మీటు మొదట పదునుగా తగిలి, వెంటనే విచ్చుకుని, చాలాసేపు నిలుస్తుందని వైణికులు చెబుతారు. ఈ నిలుపుకు కారణం ఏకండి కర్రేనని తయారీదారుల నమ్మకం. అతుకు దగ్గర కంపన శక్తి తరగకపోవడం, పనసకర్ర బరువుకు తగ్గ బిగువు కలిగి ఉండటం వారు చూపే కారణాలు. ఇందులో నిజం లేకపోలేదు. కానీ నాదపు రంగును నిర్ణయించడంలో గుర్రానికి కర్రకంటే ఎక్కువ పాలు ఉందనుకోవడమే సమంజసం. రెండు ఏకండి వీణలు ఒకే పనివాడి చేతిలోంచి వచ్చినా, గుర్రం పై రేకు సానలో తేడా ఉంటే రెండూ రెండు గొంతులతో పలుకుతాయి.

ఈ మాటకు సి.వి. రామన్ పరిశీలన బలమిస్తుంది. విశాఖపట్నంలో పెరిగిన రామన్ 1921లో భారతీయ తంత్రీవాద్యాలపై ఒక పత్రం ప్రచురించాడు. సాధారణంగా ఒక అతిస్వరం (మూలస్వరంతోపాటు పలికే పై స్వరం) కంపనంలో కదలకుండా ఉండే బిందువు దగ్గరే తీగను మీటితే ఆ అతిస్వరం వినపడకూడదు. వీణలో, తంబురలో అది వినిపిస్తుందని ఆయన చూపాడు. వయొలిన్ గుర్రంలా ఇక్కడ పదునైన అంచు లేదు. వెడల్పాటి రేకు మెల్లగా వంపు తిరిగి ఉంటుంది. ఊగే తీగ దాన్ని ఒరుసుకుంటూ ఆనుతూ లేస్తుంది, అతిస్వరాలు అక్కడ మళ్లీ పుడతాయి. రేకు ఎక్కువ చదునైతే తీగ జిర్రుమంటుంది. వంపు ఎక్కువైతే నాదం మూగబోతుంది. ఈ రెంటి మధ్య సన్నని హద్దును సానపట్టే చేయి, వింటున్న చెవి కలిసి పట్టుకోవాలి.

సభల్లో కుండకు కాంటాక్ట్ మైకు అమర్చడం మామూలైపోయింది. దీనివల్ల మెల్లని గమకం చివరి వరుస దాకా వినిపిస్తుంది. మీటు గరుకూ అంతే పెద్దదవుతుంది. ఏకండి సహజ నాదం వినాలంటే మైకు లేని గది మేలు.

తంజావూరు, మైసూరు, నూజివీడు వీణలతో పోలికలు తరచూ రాస్తుంటారు. ఇవి ఎక్కువగా వాడుకరుల అభిరుచి మీద ఆధారపడిన మాటలు. ఒకే తీగలు, ఒకే శ్రుతి, ఒకే చేయి పెట్టి పోల్చితేనే వాటికి విలువ.

గొల్లపల్లిలో వాయించే వీణలతోపాటు చిన్న బొమ్మ వీణలు కూడా చేస్తారు. జ్ఞాపికలుగా వీటికి గిరాకీ ఉంది. వాటికి మేళం ఉండదు, మోగవు.