పాట కోసం గీసిన బొమ్మ

లేపాక్షి అనే మాటకి మనకి ఇప్పుడు రెండర్థాలున్నాయి. ఒకటి హిందూపురం దగ్గరున్న ఊరు, అక్కడి వీరభద్రస్వామి గుడి. రెండోది నగరాల్లో ప్రభుత్వం నడిపే హస్తకళల దుకాణం. ఆ దుకాణంలో కొండపల్లి బొమ్మలకీ ఏటికొప్పాక లక్కబొమ్మలకీ మధ్య ఎక్కడో ఒక మూల తోలుతో చేసిన ల్యాంప్‌షేడ్లు వేలాడుతూ ఉంటాయి. లోపల బల్బు వేస్తే దాని మీది నెమళ్ళూ లతలూ హనుమంతుడూ ఎర్రగా, పచ్చగా వెలుగుతారు. అవి వచ్చేది ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరి నుంచి. లేపాక్షి గుడికీ ఈ నిమ్మలకుంటకీ మధ్య వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ దూరం. 2022 దాకా రెండూ అనంతపురం జిల్లాలోవే, ఇప్పుడు రెండూ శ్రీ సత్యసాయి జిల్లాలోవి.

అనంతపురం పేరు చెప్తే మనకి కరువే ముందు గుర్తొస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, ఎర్ర నేలలు, వేరుశనగ, వలసలు. ఇవన్నీ నిజాలే. కానీ ఈ మెట్ట మీద బొమ్మ గీసేవాడికీ పాట పాడేవాడికీ మధ్య ఉన్న సంబంధం తెలుగు దేశంలో ఇంకెక్కడా ఇంత దగ్గరగా లేదని నాకనిపిస్తుంది. ఎందుకంటే ఇక్కడ చాలాకాలం ఆ ఇద్దరూ ఒకే మనిషి.

ముందు గుడి సంగతి. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1530ల్లో, పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరుపణ్ణ ఈ గుడి కట్టించాడు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, ఫోటో దిగి వెళ్ళిపోతారు. తల పైకెత్తేవాళ్ళు తక్కువ. ఎత్తితే కప్పు నిండా బొమ్మలే: పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, మర్రాకు మీద కృష్ణుడు, దూడ కోసం కొడుకునే శిక్షించిన మనునీతి చోళుడు. కావి ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, కాస్త ఆకుపచ్చ. నీలం దాదాపు లేనట్టే. మెడ నొప్పి పుట్టి తల దించుకుంటే నాట్యమండపం స్తంభాలు ఎదురవుతాయి. అక్కడ రంభ నాట్యమాడుతోంది, తుంబురుడు వీణ మీటుతున్నాడు, బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు. అంటే పైన కథ, కింద కచేరీ. ఆ మండపాన్ని ఊహించిన వాళ్ళకి బొమ్మని సంగీతం లేకుండా చూడాలన్న ఆలోచనే వచ్చినట్టు లేదు.

ఆ కప్పు మీద మనుషులు ఎక్కువగా పక్కకి తిరిగి ఉంటారు. కోసుగా ముక్కు, కోసుగా గడ్డం, చేప లాంటి పెద్ద కన్ను. పక్కకి తిరిగిన ముఖం మనల్ని చూడదు, ఎదుటి ముఖాన్ని చూస్తుంది. ఎదురెదురుగా నిలబడ్డ రెండు పక్కముఖాలు కనిపిస్తే, వాళ్ళేదో మాట్లాడుకుంటున్నారని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. గర్భగుడిలో దేవుడు మనకేసి తిరిగి ఉంటాడు, అది దర్శనం. కప్పు మీద పార్వతి చెలికత్తెలు ఒకరికేసి ఒకరు తిరిగి ఉంటారు, అది సంభాషణ. తోలుబొమ్మల్లో కూడా సరిగ్గా ఇదే. రాముడూ రావణుడూ తెర మీద ఎదురెదురుగా నిలబడి వాదించుకోవాలి. అందుకని పక్కకే తిరిగి ఉంటారు.

ఈ పోలిక చూసి చాలామంది తోలుబొమ్మలంటే నడిచే లేపాక్షి చిత్రాలే అన్నారు. వినడానికి బావుంటుంది గానీ, అంత తేలిగ్గా ఒప్పుకోవడం కష్టం. బొమ్మలాట తెలుగునాట విజయనగరం కన్నా పాతది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోనే, తెరచాటున భారత కథలు ఆడించే బొమ్మలాటవాళ్ళ ప్రస్తావన చేశాడు. అది పదమూడో శతాబ్దం మాట. పోనీ ఇప్పుడు నిమ్మలకుంటలో ఉన్నవాళ్ళు ఆ పాత ఆటగాళ్ళ వారసులా అంటే, వాళ్ళు ఇళ్ళలో మాట్లాడుకునేది మరాఠీకి దగ్గరైన ఆరె భాష. మరాఠాలు దక్షిణానికి వచ్చిన కాలంలో వాళ్ళతో పాటు వచ్చారని ఒక వాదన. ఇంటి పేర్లలో శిందే ఉంది, దళవాయి ఉంది. దళవాయి అంటే సేనాపతి! సేనాపతి పేరు పెట్టుకున్న ఇంట్లో ఉలి పట్టుకుని బొమ్మలు తొలుస్తారు. ఇంట్లో ఒక భాష, తెర వెనక ఇంకో భాష. తెలుగు రామాయణాన్ని తెల్లవార్లూ పాడి మనకి వినిపించినవాళ్ళకి పొయ్యి దగ్గర మాట తెలుగు కాదు. తెలుగు భాషాభిమానం గురించి మనం చేసే ఉపన్యాసాల్లో ఈ సంగతి ఎందుకు రాదో నాకర్థం కాదు.

కాబట్టి ఎవరు ఎవర్ని చూసి గీశారన్నది తేలే విషయం కాదు. కలంకారీలోనూ ఆ కళ్ళే, ఆ ముక్కులే ఉంటాయి. అది ఆ కాలపు చేతివాటం. నాకు పోలిక కన్నా తేడా ఆసక్తిగా ఉంటుంది. గోడ మీది మనిషికి తోడు ఉంటుంది: చెట్టు, సింహాసనం, పక్కన పదిమంది. తోలుబొమ్మ ఒంటరిది. చుట్టూ ఏమీ లేని తెల్లటి గుడ్డ మీద అది ఎవరో, ఎక్కడుందో, ఏ మనసుతో ఉందో పాటే చెప్పాలి.

బొమ్మ తయారీ చూస్తే ఇది ఇంకా తెలుస్తుంది. మేకతోలుని నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఆరబెడతారు. ఆరాక అది వెలుతురుకి అడ్డు పెడితే తేనె రంగులో కనిపిస్తుంది. పూర్వం దేవతల బొమ్మలకి జింక తోలు వాడేవాళ్ళు, 1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఆ మాటే లేదు. తోలు మీద గీత గీసి, రకరకాల ఉలులతో చిల్లులు తొలిచి, రెండు వైపులా రంగు వేస్తారు. నగలు ఇక్కడ గీసినవి కావు, తొలిచినవి. సీత మెడలో ముత్యాలంటే ఏమీ లేని చోటు, దీపం నేరుగా కంటిని తాకే చోటు. చేతుల్ని భుజం దగ్గరా మోచేతి దగ్గరా విడివిడి ముక్కలుగా కోసి, దారంతో ముడేస్తారు. నాట్యగత్తె బొమ్మకి ఇంకా ఎక్కువ కీళ్ళు. మనిషెత్తు బొమ్మల్ని చీల్చిన బద్దకి బిగించి, తెరకి ఆనించి ఆడిస్తారు. ఆడించేవాడి కాళ్ళకి గజ్జెలు, పాదాల కింద చెక్కలు. యుద్ధం వస్తే ఆ చెక్కల్ని తొక్కుతాడు. చేత్తో బొమ్మ, కాలితో తాళం, నోటితో పాట, మూడూ ఒకే ఒంట్లోంచి. పక్కన మద్దెల, తాళాలు, హార్మోనియం. ఆడపాత్రలకి ఇంట్లో ఆడవాళ్ళే గొంతు. మొత్తం ఒక కుటుంబం.

ఏ కంపెనీ, ఏ సభ, ఏ ఆస్థానం నీడా లేకుండా తమ బొమ్మ తామే గీసుకుని, తమ పాట తామే పాడుకుని ఊరూరా తిరిగే ఇలాంటి బృందాల్ని ఇప్పుడు నగరాల్లో ఇండీ బ్యాండ్ అంటున్నారు. పేరు కొత్తది, బతుకు పాతది.

పాట ఎక్కణ్ణుంచి వచ్చింది? రామాయణానికి ఆధారం గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం. ద్విపద కాబట్టి నడక తేలిక, నోటికి పడుతుంది. అయితే దాన్ని పుస్తకం చూసి పాడరు. చుట్టూ వచనం, దరువులు, కీర్తనలు, వేళాకోళాలు పెరిగి పెరిగి అది వాళ్ళ సొంత రామాయణం అయింది. తర్వాత స్టేజి నాటకం వచ్చింది. బళ్ళారిలో చిత్రనళీయం ఆడించి ఆంధ్ర నాటక పితామహుడు అనిపించుకున్న రామకృష్ణమాచార్యుల ఇంటిపేరే ధర్మవరం. నాటకాల్లో రాగం తీసి పద్యం పాడే మోజు రాయలసీమ పల్లెల దాకా పాకింది. హార్మోనియంతో పాటు ఆ పద్యం తెర వెనక్కీ చేరింది. సంప్రదాయం చెడిపోయిందని కొందరు బాధపడతారు. నాకు మాత్రం అది ఆ కళాకారుల చెవి బతికుందనడానికి సాక్ష్యంలా కనిపిస్తుంది. తమ కాలంలో కొత్తగా వినిపిస్తున్నదాన్ని పట్టుకొచ్చి, వెయ్యేళ్ళ కథకి అతికించారు.

ఇక కరువు. వానలు పడకపోతే విరాటపర్వం చదివించడం తెలుగువాళ్ళ పాత నమ్మకం. బొమ్మలాటలో కూడా విరాటపర్వం వాన కోసం ఆడించేవాళ్ళు. ఇందులో ఒక చిక్కు ఉంది. కరువొస్తే ఆటకి గిరాకీ, కానీ ఆడినవాళ్ళకి ఇవ్వడానికి ఊళ్ళో గింజలుండవు. పంట పండితే కళ్ళంలో ధాన్యం కొలిచేవాళ్ళు, ఆ ఏడు విరాటపర్వంతో పనుండదు. ఈ తక్కెడ ఎలాగో వందల ఏళ్ళు నిలబడింది. సినిమా టూరింగ్ టాకీసులై పల్లెలకొచ్చి, తర్వాత టీవీ ఇంట్లోకే వచ్చేసరికి విరిగిపోయింది. తెల్లవార్లూ సాగే ఆట గంటకీ అరగంటకీ కుదించుకుపోయి, ఉత్సవాల్లో ఒక అంశంగా మిగిలింది.

అప్పుడు ల్యాంప్‌షేడ్ ఆదుకుంది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో హస్తకళల సంస్థల ప్రోత్సాహంతో ఈ చేతులు దీపాల వైపు, గోడకి తగిలించే పటాల వైపు, తలుపు తెరల వైపు మళ్ళాయి. దీన్ని తప్పుపట్టే హక్కు మనకి లేదు. ఆట చూడ్డం మానేసింది మనం. తోలు, ఉలి, రంగు ఆ కుటుంబాలకి అన్నం పెట్టాయి. నిమ్మలకుంటకి చెందిన దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ గుర్తింపు వస్తువుకి: తోలు ఇలా ఉండాలి, పని ఇలా జరగాలి అని. పాటకి అలాంటి చీటీ ఏదీ లేదు, ఎందుకంటే పాటని దుకాణంలో అమ్మలేం.

చిత్రకారులు కూడా ఇంచుమించు ఇదే చేశారు. మన ఆధునిక చిత్రకారుల్లో కె. శ్రీనివాసులు అనే పెద్దమనిషి ఉన్నాడు. 1923లో పుట్టాడు. మద్రాసు ఆర్ట్ స్కూల్లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర చదువుకుని, రుక్మిణీదేవి స్థాపించిన కళాక్షేత్రలో చిత్రకళ నేర్పాడు. జామినీ రాయ్ బెంగాల్ పటాల్లో వెతుక్కున్నదాన్ని ఈయన లేపాక్షి కప్పు మీదా తోలుబొమ్మల్లోనూ వెతుక్కున్నాడు. ఆ పెద్ద కన్ను, ఆ నల్లటి గట్టి గీత, ఆ ఎరుపు ఆయన బొమ్మల్లోకి నడిచొచ్చాయి. చుట్టూ సంగీతమూ నాట్యమూ ఉన్న చోట బతికిన మనిషి కాబట్టే ఆయన మనుషులు నిలబడి ఉన్నా కదిలేట్టు ఉంటారని నా అభిప్రాయం. అయినా క్యాన్వాసు క్యాన్వాసే. గీత వచ్చింది, గొంతు రాలేదు. దాన్ని ఆయన లోపం అనలేం. ఆ పని వేరేవాళ్ళు చెయ్యాల్సింది.

చేసినవాళ్ళు లేకపోలేదు. మొదలి నాగభూషణశర్మ తోలుబొమ్మలాట మీద పుస్తకం రాశారు. అమెరికా నుంచి వచ్చిన జోనథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ ఈ ఆట మీద పరిశోధన చేసి 1984లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. కానీ ఒక ఆటని మొదటి నుంచి చివరి దాకా, రాత్రి తొమ్మిదికి మొదలై కోడికూత దాకా సాగే మాటా పాటా వెకిలీ అంతటినీ రాగం పేరుతో సహా తెలుగులో అచ్చేసి, అందరికీ అందేలా పెట్టాల్సిన పని ఇంకా మన ముందే ఉంది.

ఇది ఎందుకంత అవసరమో చెప్పడానికి ఇదే జిల్లా నుంచి ఒక ఉదాహరణ ఉంది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ 1893లో ఈ జిల్లాలోని రాళ్ళపల్లిలో పుట్టారు. మైసూరులో తెలుగు పాఠాలు చెప్పి, తర్వాత తిరుపతిలో అన్నమయ్య సంకీర్తనల పని చేశారు. తిరుమల రాగిరేకుల మీద ప్రతి పాటకీ రాగం పేరుంది, స్వరం లేదు. సాహిత్యం మిగిలింది, వరస పోయింది. శర్మగారు వందకు పైగా పాటలకి మళ్ళీ వరసలు కట్టి స్వరపరచాల్సి వచ్చింది. ఇవాళ మనం వింటున్న అన్నమయ్యలో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దపు అన్నమయ్యే. ఆయనకైనా చేతిలో రాగిరేకులున్నాయి. బొమ్మలాట పాటకి రేకులూ లేవు. ఉన్నదంతా కొందరు పెద్దవాళ్ళ గొంతుల్లో ఉంది. మనవళ్ళు, మనవరాళ్ళు ఉలి పట్టడం నేర్చుకుంటారు, ఎందుకంటే దాంతో రోజు గడుస్తుంది. సుందరకాండ మొత్తం నోటికి నేర్చుకుంటే ఏం గడుస్తుంది?

ఆ పాటతో పాటు పోయేది ఇంకొకటుంది. మధ్యమధ్యలో రాముణ్ణీ సీతనీ పక్కకి జరిపి తెర మీదికి దూకే జుట్టుపోలిగాడు, బంగారక్క. వాళ్ళకి పద్యం ఉండదు, పచ్చి మాటలుంటాయి. ఆ ఊరి కరణం మీద, ఆ ఏడు ధరల మీద, మొగుడూ పెళ్ళాల మీద అప్పటికప్పుడు పుట్టే హాస్యం. పురాణంలో ఎక్కడా లేని ఈ ఇద్దరి వల్లే ఆ ఆట ప్రతి రాత్రీ సమకాలీనంగా ఉండేది. దుకాణాల్లో ల్యాంప్‌షేడ్ల మీద నేను హనుమంతుణ్ణి చూశాను, గణపతిని చూశాను, నెమళ్ళని లెక్కలేనన్ని చూశాను. జుట్టుపోలిగాణ్ణి ఇంతవరకూ చూడలేదు. వాడి ఒంటి మీద నగలు తక్కువ, తొలవడానికి పెద్దగా ఏమీ ఉండదు.