ఎన్నికల చందా

రాజకీయపక్షముల చరిత్రమును వ్రాయువారు నాయకుల యుపన్యాసములను, మహాసభల తీర్మానములను విస్తరించి వర్ణింతురు గాని, ఆ సభలకు పందిరి వేయించినవా డెవ్వడు, కరపత్రములకు కాగితము కొన్నవా డెవ్వడు అని యడుగుట యరుదు. ప్రశ్న చిన్నదిగానే తోచును. అయినను, ఎన్నికకు ముందు పక్షమునకు ధన మిచ్చినవా డెవ్వడో తెలిసిననే గాని, ఎన్నికయైన పిమ్మట ఆ పక్షము శాసనసభలో నెవ్వరి మాట మన్నించునో మనకు తెలియదు. నౌపడ వంటి చిన్న యూరి పక్కన నిలిచి చూచినచో ఈ సంగతి మఱింత స్పష్టముగా గోచరించునని మా యభిప్రాయము.

నౌపడ యనగానే మన ప్రాంతమువారికి ఉప్పు జ్ఞప్తికి వచ్చును. టెక్కలికి తూర్పున సముద్రపునీరు చొచ్చుకొనివచ్చు పఱ్ఱనేలలలో మడులు కట్టి ఎండకు ఉప్పు పండింతురు. ఆంగ్లప్రభుత్వము ఈ యుప్పుపై వేసిన పన్నును 1923లో మణుగొక్కింటికి రూపాయి పావలానుండి రెండున్నర రూపాయలకు పెంచెను. శాసనసభ కాదన్నను వైస్రాయి తన ప్రత్యేకాధికారముచే దానిని నిలిపెను. మరుసటి యేడు మరల దించవలసి వచ్చెను.

1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చినప్పుడు, బారువ గ్రామవాసియు నవయువకుడు నగు గౌతు లచ్చన్నగారు సముద్రజలము కాచి ఉప్పు చేసిరి. చేసి యూరకుండలేదు, దానిని అమ్మి, వచ్చిన సొమ్మును ఉద్యమపు ఖర్చులకు వినియోగించిరి. పిదప నౌపడ యుప్పుకొఠారులపై జరిగిన దాడిలో పాల్గొని, టెక్కలి, నరసన్నపేట సబ్ జైళ్లలో నుంచబడి, బరంపురము జైలులో నెలదినములు కఠినశిక్ష ననుభవించిరి. (ఆనాడు మన సీమ గంజాము జిల్లాలోనిది. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు ఆ జిల్లా చీలిపోయి, మనము విశాఖపట్టణము జిల్లాలో చేరితిమి.)

ఈ యుప్పు విక్రయమున నొక విశేషము కలదు. పన్ను కట్టని యుప్పును దగ్గఱ నుంచుకొనుటయే నేరమైన దినములవి. కావున దానిని కొన్నవాడు సరకు కొన్నవాడు మాత్రమే కాడు, అమ్మినవాని సాహసములో పాలు పంచుకొన్నవాడు. ఇచ్చినవానికిని, పుచ్చుకొన్నవానికిని ప్రమాద మొక్కటే. చందా అను మాట పారసీకభాషనుండి మనకు వచ్చినది. ఆ భాషలో దాని మూలపదమునకు "కొన్ని" యనియు, "ఎన్ని" యనియు నర్థములు. ఎన్ని యని యడుగుటకంటె ఎవ్వరివి యని యడుగుట ముఖ్యమని ఆ యుప్పు చూపినది.

అది ఎన్నికకై చేసిన వసూలు కాదనవచ్చును. నిజమే. కాని పక్షమునకు చందా యెత్తు నేర్పు ఎన్నికనాడు పుట్టునది కాదు. 1920లో నాగపురమున కాంగ్రెసు తన నిబంధనలను మార్చుకొని, సభ్యత్వరుసుమును ఏటికి నాలుగణాలు చేసెను. 1921 మార్చి, ఏప్రిలు నెలల సంధిని బెజవాడలో కూడిన అఖిలభారత కాంగ్రెసు సంఘము కోటి రూపాయల తిలక్ స్వరాజ్యనిధిని, కోటిమంది సభ్యులను, ఇరువదిలక్షల రాట్నములను జూన్ నెలాఖరులోపల సమకూర్చవలెనని తీర్మానించెను. నిధి కోటి దాటినది. సభ్యులసంఖ్య మాత్రము దాటలేదు. కోటి దాటుటకు కారణము నాలుగణాలు కావు. ఒక్క బొంబాయినుండియే ముప్పదియేడు లక్షలకు మించి వచ్చినది. తాళములు చేయు అర్దెషిర్ గోద్రెజ్ గారొక్కరే మూడు లక్షలిచ్చిరి. పెద్దదాతలు లేని పక్షము ఆనాడును లేదు. అయితే ఆ దాతల పేళ్లు లోకమునకు తెలిసియుండెను. ఈ భేదము సామాన్యము కాదు.

1937 ఫిబ్రవరిలో చెన్నరాజధాని శాసనసభకు జరిగిన యెన్నిక ఈ రెండు తెఱగుల ధనమునకు పరీక్ష. జస్టిసు పక్షమునకు జమీందారులే కొండంత యండ. రాజధాని ప్రధానమంత్రిగా నుండిన బొబ్బిలి రాజావారే దాని నాయకులు. కాంగ్రెసునకు వర్తకుల ధనముతోపాటు, ఊరూరను నాలుగణాల రసీదు దాచుకొన్న సభ్యులుండిరి. నాలుగణా లిచ్చినవాడు ఓటు వేయుట మఱచునా? తాను వేయుటయే గాక, పొరుగువానిని గూడ తోడ్కొనిపోవును. బొబ్బిలిలో రాజావారిపై బరంపురపు వరాహగిరి వెంకటగిరిగారు గెలిచిరి. 215 స్థానములలో 159 కాంగ్రెసునకు దక్కినవి. దేశమంతట 1936లో ఆఱులక్షల పైచిలుకుగా నుండిన సభ్యసంఖ్య 1938 నాటికి 44 లక్షలు దాటెను. గెలిచినపక్షమున చేరువా రెప్పుడును ఎక్కువే యనుట సరియే గాని, అది యంతయు అవకాశవాదమని మేమనము.

అటుపిమ్మటి కథయే మాకు మిక్కిలి విలువగలదిగా తోచుచున్నది. పావలా యిచ్చిన రైతు లెక్క యడిగెను. జమీందారీ రైతుల కష్టములను విచారించుటకు ప్రకాశంపంతులుగారి యధ్యక్షతన సంఘ మేర్పడెను. 1938లో నివేదిక వచ్చెను. అది శాసనము కాకమునుపే 1939లో మంత్రివర్గము రాజీనామా చేసెను. 1940 మార్చిలో అఖిలభారత కిసాన్ మహాసభ పలాసలో జరిగెను. కొలది దినములకే, ఏప్రిలు 1వ తేదిని, మందస జమీనులో గుడారి రాజమణిపురమున పోలీసుకాల్పులకు వీరగున్నమ్మ మొదలగువారు బలియైరి. జమీందారీల రద్దు చట్టము 1948లో గాని రాలేదు. ఓటర్లు చిన్నచందాతో పక్షమును కొనలేరు; కాని నిలదీయు హక్కు మాత్రము సంపాదించుకొందురు.

స్వరాజ్యము వచ్చిన తరువాత ఈ హక్కు క్రమముగా సన్నగిల్లినది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్యచట్టము అభ్యర్థి ఖర్చునకు హద్దు పెట్టెను. అభ్యర్థికొఱకు పక్షము పెట్టు ఖర్చును అందులో చేర్చవలెనని 1974లో సుప్రీముకోర్టు చెప్పగా, ప్రభుత్వము ఆ నెలలోనే యార్డినెన్సు చేసి దానిని తప్పించెను. 1969లో నిషేధింపబడిన కంపెనీల విరాళములు 1985లో మరల ననుమతింపబడెను. తుదకు 2018 జనవరిలో ఎన్నికల బాండులు వచ్చినవి. బాండను ఆంగ్లపదమును మన బంధశబ్దమును జ్ఞాతులు. అయితే ఈ బాండున ఎవ్వ రెవ్వరికి బద్ధులో చూచువారికి తెలియకుండుటయే దాని గుణము! వేయిరూపాయల బాండును కొనవచ్చును గాని, విక్రయింపబడిన మొత్తమున నూటికి తొంబదివంతులకు పైగా కోటిరూపాయల బాండులే.

2024 ఫిబ్రవరి 15వ తేదిని సుప్రీముకోర్టు వానిని కొట్టివేసి, పేళ్లు బయటపెట్టు మని స్టేటుబ్యాంకు నాజ్ఞాపించెను. మార్చినెలలో పట్టికలు వెలువడెను. మన రాష్ట్రమున నప్పు డధికారమున నున్న పక్షమును, దాని ప్రతిపక్షమును, రెండును పుచ్చుకొన్నవారి వరుసలో నుండెను. మే 13వ తేదిని ఆంధ్రప్రదేశ్ శాసనసభకు పోలింగు జరిగెను. కాబట్టి నౌపడలో ఓటు వేయువాడు, చదువదలచినచో, ఆ దాతల పేళ్లను చదివి వరుసలో నిలువగలిగెను. ఎంతమంది చదివిరో మేము చెప్పజాలము. ఇరువదివేల రూపాయలకు మించని చందా యిచ్చినవారి పేళ్లను పక్షము ఎన్నికల సంఘమునకు తెలుప నక్కఱలేదను నియమము మాత్రము ఇంకను నిలిచియున్నది.