జెరేనియం నూగులో దాగిన గుట్టు

దక్షిణాఫ్రికా నేలలో పుట్టి, అమెరికా, యూరప్ ఇళ్ల కిటికీలకెక్కిన పూలమొక్క జెరేనియం. దాన్ని పీల్చి పిప్పిచేసేది రెండు మచ్చల నల్లి. మన వంగ, మిరప రైతులను ఏడిపించే ఎర్రనల్లి ఈ జాతి చుట్టమే.

అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో రిచర్డ్ క్రెయిగ్ తన జీవితమంతా జెరేనియంలకే ధారపోశాడు. 1960ల్లోనే అక్కడివాళ్లకు ఒక వింత కనబడింది. కొన్ని రకాలను నల్లి కమ్మేస్తోంది, కొన్నింటి మీద మాత్రం నిలవలేకపోతోంది. అందమైన పూల కోసం సాకుతున్న మొక్కల్లోనే ఈ తేడా బయటపడటం అదృష్టమనే చెప్పాలి.

అనుమానం ఆకుల మీది నూగు మీదికి పోయింది. కొన్ని వెంట్రుకల కొసల్లో జిగురుబొట్లు ఉంటాయి. తట్టుకునే రకాలకు అలాంటి పొడవాటి వెంట్రుకలు ఎక్కువే. కానీ లొంగిపోయే రకాలకూ అవి ఉన్నాయి! లెక్క పూర్తిగా కుదరలేదు. 1980ల్లో క్రెయిగ్, రసాయనవేత్త రాల్ఫ్ మమ్మా బృందం ఆ బొట్లనే సేకరించి విశ్లేషించింది. తేలినవి అనకార్డిక్ ఆమ్లాలు. పలాసలో జీడిపిక్కలు కొట్టేవాళ్ల చేతులను కాల్చే జీడి రసంలో ఉండేవీ ఈ కుటుంబానివే.

చిత్రమేమిటంటే, రెండు రకాల మొక్కల్లోనూ ఈ ఆమ్లాలున్నాయి. మరి తేడా ఎక్కడ? ఆ అణువుకు ఉన్న పొడవాటి కర్బన తోకలో! లొంగే రకాల్లో ఆ తోక సంతృప్తం, అందుకే బొట్టు చలికి పేరుకున్న నెయ్యిలా గట్టిపడుతుంది. తట్టుకునే రకాల్లో తోకలో ఒక్క ద్విబంధం ఉంటుంది. ఆ ఒక్క మెలికతో బొట్టు జారుగా, జిగటగా నిలిచి, నల్లి కాళ్లను పట్టేస్తుంది. ఇంత పెద్ద రక్షణ ఇంత చిన్న మార్పులో ఉందంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

రుజువు కూడా కావాలి కదా. ఇదే మొక్కలను పీల్చే మరో పురుగు పేనుబంక మీద పరీక్షిస్తూ, తట్టుకునే మొక్కల ఆకుల జిగురును కడిగేశారు. అంతే, వాటి బలం పోయింది.

ఇక మిగిలింది, ఆ ద్విబంధాన్ని పెట్టేదెవరన్న ప్రశ్న. 1996లో జవాబు దొరికింది. 14 కర్బనాల కొవ్వు ఆమ్లంపై పనిచేసే ఒక ఎంజైమ్, దానికి ఆధారమైన జన్యువు బయటపడ్డాయి. తట్టుకునే మొక్కల నూగులో ఆ జన్యువు చురుగ్గా ఉంది. పూలరంగుతోపాటు దేన్ని వెతుక్కోవాలో మొక్కల సంకరకారులకు అప్పుడు తెలిసింది.